దేవుడి గూడుకి ప్యాలెట్ చెక్క: మందు పట్టించడం అయింది

దేవుడి గూడు ప్యాలెట్ (సరుకుల కింద వేసే చెక్క చట్రం) పైన్‌తో చేస్తానంటే ఇంట్లో మొదటి ప్రశ్న దీపం గురించే. న్యాయమైన ప్రశ్నే. పైన్ చెక్క ఇట్టే అంటుకుంటుంది, పైగా చెదలకి మహా ఇష్టం.

చెక్క బెంగళూరులో పీణ్యా వైపు పాత సామాన్ల కొట్లో తీసుకున్నాను. ప్యాలెట్ మీది ముద్రలో హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినట్టు. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టినది, అది ముట్టుకోలేదు.

మందు: లీటరు వేడినీళ్లకి 110 గ్రాముల వెలిగారం (బోరాక్స్), 70 గ్రాముల బోరిక్ యాసిడ్, అదే క్యారమ్ బోర్డు మీద చల్లే పౌడర్. రెండూ కావాలి. వెలిగారం మంట పాకకుండా చూస్తుంది గానీ, మంట ఆరాక లోపల నిప్పు రాజుకోవడాన్ని ఆపదు. ఆ పని బోరిక్ యాసిడ్‌ది. చెదలకి రెండూ విషమే.

బ్రష్‌తో పూస్తే పైపైనే ఉండిపోతుంది. అందుకే కోత, చిత్రిక, బెజ్జాలు అన్నీ ముందే ముగించి, ముక్కల్ని పాత స్టీలు ట్రేలో మునిగేలా పెట్టి, రెండు గంటలు మరగనివ్వకుండా వేడి చేశాను. కోసిన చివర్ల నుంచి సన్నటి బుడగలు బారులు తీరి వచ్చాయి. స్టవ్ ఆపి అందులోనే చల్లారనిచ్చాను: లోపల మిగిలిన గాలి ముడుచుకుని మందుని లాక్కుంటుంది. 310 గ్రాముల ముక్క బయటికి తీసేసరికి 430 తూగింది, ఆరాక 328. అంటే 18 గ్రాముల మందు లోపలే ఉంది.

తుంపు ముక్కలు కొవ్వొత్తి మీద పెట్టి చూశాను. మందు లేనిది భగ్గుమంది, ఊదినా అంచు ఎర్రగా కాలుతూనే ఉంది. మందు పట్టింది నల్లగా మాడింది, కొవ్వొత్తి తీయగానే ఆరిపోయింది. అలాగని కాలని చెక్కేం కాదు, కాస్త టైమిస్తుందంతే. దీపం పైన ఇత్తడి రేకు, వెనక ఖాళీ వదిలి, ఎలాగూ వేస్తాను.

ఇంకోటి, ఈ మందు నీళ్లకి కొట్టుకుపోతుంది, బాల్కనీకి పనికిరాదు. వానకి నిలిచేది మన సొంటి కామేశం గారు 1933లో డెహ్రాడూన్‌లో కనిపెట్టిన రాగి, క్రోమియం, ఆర్సెనిక్ మిశ్రమం. అందులో ఆర్సెనిక్ ఉంది కాబట్టి పూజగదిలోకి వద్దు. బోరిక్ యాసిడ్ కూడా పిల్లలకి అందకూడదు. కలిపేటప్పుడు గ్లౌజులు, ఎమరీ పట్టేటప్పుడు మాస్కు తప్పనిసరి.

బెంగళూరు ముసురుకి ఆరడమే ఆలస్యం. పైన తేలిన తెల్లటి ఉప్పుపొర తడిగుడ్డతో తుడిచి, పాలిష్ రెండు కోట్లు వేసి, తలుపులకి మడతబందులు బిగించాలి.