స్తోత్రం చెప్పే ముందు కాస్త చూడటం

క్రైస్తవ కుటుంబంలో పుట్టి పెరిగినవాళ్లకు ఒక చిక్కు ఉంటుంది. దేవుని గురించిన గొప్ప మాటలన్నీ అర్థం తెలిసే వయసుకు ముందే నోటికి వచ్చేస్తాయి. సర్వశక్తిమంతుడు, మహోన్నతుడు, ఆశ్చర్యకరుడు... ప్రార్థనలో ఇవి నా ప్రమేయం లేకుండానే దొర్లుకుంటూ వచ్చేవి. విశ్వాసం పోలేదు, ఆదివారం ఆరాధన మానలేదు. దేవుడంటే విస్మయం మాత్రం ఎప్పుడు అడుగంటిందో తెలియదు. ఉపవాస కూడికలకు వెళ్లాను, ప్రసంగాలు విన్నాను. పాట జోరుగా సాగినంతసేపు కళ్లు చెమర్చేవి. విశాఖ జగదాంబ జంక్షన్‌లో బస్సు దిగేసరికి మళ్లీ మామూలే.

మా పాస్టరు అయ్యగారి భార్యను అందరం అమ్మగారు అంటాం. ఒకసారి స్త్రీల సమాజం ముగిశాక ఆమెతో ఈ సంగతి చెప్పాను. వాక్యం తీస్తారనుకున్నాను. "ల్యాబులో నువ్వు రోజూ ఏం చూస్తావమ్మా?" అని అడిగారు. రక్తం అన్నాను. "అయితే కొన్నాళ్లు దాని గురించే స్తుతించు. పెద్ద మాటలు వద్దు. చూసింది చూసినట్టు దేవుడికి చెప్పు" అన్నారు.

నేను ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ను. రక్తపు చుక్కను గాజు స్లైడ్ మీద పలచగా పరిచి, లీష్‌మన్ రంగు వేసి, ఆరాక మైక్రోస్కోప్ కింద పెట్టి చూడటం నా పని. చూడటం, లెక్కపెట్టడం, రాయడం, తరువాతి స్లైడ్. ఎర్రకణం ఎముక మజ్జ నుంచి బయలుదేరే ముందే తన కేంద్రకాన్ని వదిలేస్తుంది. తనకన్నా సన్నని నాళంలోకి కూడా వంగి, ముడుచుకుని దూరిపోతుంది. దాదాపు 120 రోజులు ఒళ్లంతా తిరిగి అరిగిపోతుంది. ఆ లోటు తీర్చడానికి సెకనుకు సుమారు 20 లక్షల కొత్త కణాలు పుడుతుంటాయి. ఇవన్నీ పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతులే. "ప్రభువా, నేను ఈ నాలుగు మాటలు పలికేలోపు నాలో కోటి కణాలు పుట్టించావు" అని ఒక రాత్రి ప్రార్థన మొదలుపెట్టాను. ఐదో మాట రాలేదు. మోకాళ్ల మీద అలాగే ఉండిపోయాను.

ఆ అలవాటు ల్యాబు దాటి బయటికీ వచ్చింది. ఆర్కే బీచ్‌లో అల వెనక్కి తగ్గిన చోట ఇసుక మీద ముదురు ఎరుపు చారలు కనిపిస్తాయి. అవి గార్నెట్ రేణువులు. మన చుట్టూ ఉన్న కొండల్లో ఖోండలైట్ అనే రాయి ఉంది. ఒకప్పుడు అది బంకమట్టి. భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ రాయిగా మారినప్పుడు అందులో ఈ గార్నెట్ పుట్టింది. కొండ అరిగి ఇసుకై కడలికి చేరింది. దీనికంతా ఎంతకాలం పట్టిందన్న దానిపై మా సంఘంలో రెండు పక్షాలున్నాయి. వాళ్ల మధ్యకు నేను వెళ్లను. ఆ ఇసుకను గుప్పిట పట్టి చూడటానికి ఏ పక్షమూ అక్కర్లేదు.

వానాకాలంలో డెంగీ జ్వరాలు వచ్చినప్పుడే ఇది కష్టమైంది. ఒక పిల్లవాడి శాంపిల్ రోజూ పొద్దున్నే వచ్చేది. ట్యూబు మీద రాసిన వయసు తప్ప వాడి గురించి నాకేమీ తెలియదు. ప్లేట్‌లెట్లు లక్షన్నరకు పైన ఉండాలి. వాడివి ముప్పై వేల నుంచి దిగుతూ వస్తున్నాయి. ఆ రోజుల్లో కణాల అందం గురించి నోరు పెగల్లేదు. అంకెలే చెప్పాను: "నిన్న 22 వేలు ప్రభువా, ఇవాళ 18 వేలు." 139వ కీర్తనలో దావీదు, దేవుడు తనను కలుగజేసిన విధం చూస్తే ఆశ్చర్యంతో పాటు భయమూ పుడుతోందంటాడు. ఆ భయం సంగతి అప్పుడు తెలిసింది. యోబు గ్రంథం 38వ అధ్యాయం కూడా తీశాను. అన్నీ పోగొట్టుకున్న మనిషికి దేవుడు కారణం చెప్పకుండా, సముద్రానికి తలుపులు వేసిందెవరని అడుగుతాడు. అది నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడలేదు. కొన్నాళ్లకు ఆ శాంపిల్ రావడం ఆగింది. ఎందుకు ఆగిందో ల్యాబు దాకా కబురు రాదు.

మొన్న స్త్రీల సమాజంలో నన్ను సాక్ష్యం, అంటే దేవుడు నా జీవితంలో చేసిన మేలు, చెప్పమన్నారు. ఎర్రకణాల గురించి చెప్పాను. ముందు వరుసలోని ఒక మామ్మగారు ఓపికగా విని, "ఇంతకీ నీకు ఏ జబ్బు తగ్గిందమ్మా?" అని అడిగారు.

"ఏ జబ్బూ లేదు మామ్మగారూ."

ఆమె తన ముంజేతి మీద నరాలను వేలితో నొక్కి చూసుకున్నారు. "నా వయసులో కూడా పుడతాయా?"

పుడతాయన్నాను. సరే, వచ్చే వారం షుగర్ పరీక్షకు వచ్చినప్పుడు తనవి తనకు చూపించాలన్నారు. కళ్లజోడు తెచ్చుకోమన్నాను.