సెలవులకి కాదు, నావ పని మీద

విదేశాల్లో పిల్లల్ని పెంచుతున్న మనలో చాలామంది ఇండియా ప్రయాణం దాదాపు ఒకే తీరుగా వేసుకుంటాం. తిరుపతి, అన్నవరం, ఒకటో రెండో పెళ్ళిళ్ళు, బట్టల షాపింగ్, ఇంటింటికీ వెళ్ళి పెద్దవాళ్ళకి దణ్ణాలు. ఎక్కడికెళ్ళినా పిల్లలకి కుర్చీలు వేస్తారు. కూల్‌డ్రింకులు తెచ్చి పెడతారు. "పాపం, ఎండకి కందిపోయారు" అని ఎవరో ఒకరు ఫ్యాను వాళ్ళ వైపు తిప్పుతారు. ప్రేమకి ఏ లోటూ ఉండదు. కానీ ఉన్నన్నాళ్ళూ మన పిల్లలు అక్కడ చుట్టాలే. ఊరు తమదని వాళ్ళకి అనిపించాలంటే అక్కడ వాళ్ళ చేతిలో ఒక పని ఉండాలని, వాళ్ళు చెయ్యకపోతే ఆగిపోయే పని అయి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. మా పిల్లలకి ఆ పని ఒక పాత తెరచాప నావ వల్ల దొరికింది.

మేం ఉండేది న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో. అక్కడ సముద్రం ప్రతి వీధి చివరా కనిపిస్తూనే ఉంటుంది, పిల్లలకి తెరచాప పడవ నడపడం ఈత నేర్చుకున్నంత మామూలు సంగతి. మా పాప ఆప్టిమిస్ట్ అనే బుల్లి పడవలో నేర్చుకుంది. 1947లో అమెరికాలో పిల్లల కోసమే గీసిన డిజైన్ అది. పొడవు రెండున్నర మీటర్లు కూడా ఉండదు, ఒక్కళ్ళే కూర్చుని నడుపుకోవచ్చు. నా పుట్టిల్లు కోనసీమలో, వైనతేయ గట్టున. దవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వసిష్ఠలుగా చీలుతుంది కదా. ఆ వసిష్ఠ నుంచి పి.గన్నవరం దగ్గర విడివడి, ఓడలరేవు దగ్గర సముద్రంలో కలిసే పాయ వైనతేయ. మా ఇంటి నుంచి చూస్తే కొబ్బరిచెట్ల సందుల్లోంచి నీళ్ళు కనిపిస్తాయి. అయినా మా వాళ్ళెవరికీ ఏనాడూ పడవ లేదు. వరి, కొబ్బరి తప్ప మాకు వేరే వ్యాపకం లేదు.

ఆక్లండ్ బళ్ళకి పెద్ద సెలవులు డిసెంబరు మధ్య నుంచి జనవరి చివరి దాకా ఉంటాయి కాబట్టి మాకు సంక్రాంతి కలిసొస్తుంది. అలా వచ్చినప్పుడే గట్టు మీద తాటాకుల కింద బోర్లా పడి ఉన్న నావని మా పాప చూసింది. దాని యజమాని ఇంజను పెట్టిన ఫైబర్ బోటుకి మారిపోయి చాలా ఏళ్ళయింది. ఇరవై అడుగుల లోపు చెక్క నావ. "పొయ్యిలోకి ఇచ్చేద్దామనుకుంటున్నానండి. మీరు తీసుకుంటానంటే అంతకంటే ఏం కావాలి" అన్నాడాయన. మా అన్నయ్య నా మొహం వంక చూశాడు, నేను పాప మొహం వంక చూశాను. బేరం ఆడకుండా కొన్నాం.

మరమ్మతు చేయడానికి అన్నయ్య తాళ్ళరేవు వైపు నుంచి ఒక పెద్దాయన్ని తీసుకొచ్చాడు. ఆ తాళ్ళరేవు, కోరంగి తీరం ఒకప్పుడు ఓడలు కట్టడానికి పేరు. 1839 నాటి ఉప్పెన కోరంగి రేవుని ఊడ్చేసినా చెక్క పని మాత్రం ఆ ప్రాంతాన్ని వదిలిపోలేదు. మేస్త్రి గారు వచ్చీ రాగానే పిల్లల్ని చూసి, "పాపగారూ, బాబుగారూ, మీరు నీడన కూర్చోండి" అన్నారు. తర్వాత ఉలి తీసుకుని పలకల మీద కొడుతూ నావ చుట్టూ తిరిగారు. గట్టి చెక్క మీద శబ్దం ఖంగుమంటోంది. కుళ్ళిన చోట మెత్తగా, గొంతు పూడిపోయినట్టు వస్తోంది. మా పాప ఆయన వెనకాలే నడిచింది. కాసేపటికి కళ్ళు మూసుకుని వింటూ, "ఇక్కడ బాలేదు" అని ఆయనకంటే ముందు చెప్పింది. ఆయన ఉలి పొడిచి చూస్తే పొట్టు రాలింది. "ఆయ్! ఆ సుద్దముక్క తీసుకుని గుర్తు పెట్టమ్మా నువ్వు" అన్నారు. ఆ తర్వాత కూర్చోమన్న మాట మళ్ళీ ఆయన నోటి వెంట రాలేదు.

చెక్క పడవని ఎక్కువగా కుళ్ళబెట్టేది వాననీరేనట. ఉప్పునీటిలో చెక్క అంత తొందరగా కుళ్ళదు, అక్కడ తొలిచే పురుగుది వేరే బెడద. మా నావలో కుళ్ళంతా తెరచాప స్తంభం దిగే చోట, పలకల చివర్లలో, అంటే ఆకులు పేరుకుని వాన తేమ ఆరని చోటల్లా ఉంది. ఇనప మేకులు తుప్పుపట్టి చుట్టూ చెక్కని నల్లగా తినేశాయి. కొన్నదానికంటే మరమ్మతు ఖర్చే ఎక్కువైంది. ఆ డబ్బు గురించి నాకు ఒక్క క్షణం కూడా బెంగ లేదు.

పలకల సందులు పూడ్చడం నేను మరిచిపోలేని పని. పాత పూడిక అంతా కొంకితో గీకి తీయాలి. అది మా బాబు పని, వాడికి తొమ్మిదేళ్ళు. దూదిని వత్తిలా తొడ మీద పేని, నూనెలో తడిపి, మొద్దు ఉలితో సందులోకి దించాలి. మరీ గట్టిగా కొడితే పలక విచ్చుకుంటుంది, వదులుగా కొడితే నీరు వస్తుంది. సుత్తి దెబ్బకి వచ్చే శబ్దం మారగానే ఆపెయ్యాలి. ఆపైన నూనెలో కాచిన గుగ్గిలం పూత. గుగ్గిలం కాచే పొయ్యి దగ్గరికి మాత్రం పిల్లల్ని రానివ్వలేదు. ఒక మధ్యాహ్నం వాడు చెప్పులతో నావలోకి ఎక్కితే మేస్త్రి గారు గట్టిగా కేకేశారు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను అడ్డు వెళ్ళలేదు. ఆక్లండ్‌లో కోచ్ అయితే పక్కన కూర్చుని ఎందుకు తప్పో వివరించి, వాడు ఏమనుకుంటున్నాడో అడుగుతాడు. అదీ మంచి పద్ధతే. కానీ సొంత మనిషిని కేకేసినట్టు కేకేసి, పది నిమిషాల తర్వాత తన క్యారేజీలోంచి పులస గురించి చెబుతూ చేప ముక్క పెట్టే పెద్దమనిషి కూడా పిల్లల జీవితంలో ఉండాలి. అది విదేశంలో డబ్బిచ్చి కొనుక్కోలేం.

పాపకి పదమూడేళ్ళు. పొట్టి నిక్కరు వేసుకుని మోకాళ్ళ లోతు బురదలో దిగి పని చేస్తుంటే ఊళ్ళో నలుగురూ నాలుగు రకాలుగా అన్నారు. పిన్ని ఒకావిడ ఇంటికే వచ్చి, "ఆడపిల్లకి రేవులో ఏం పనే?" అని అడిగింది. నేను ఆవిడకి కాఫీ ఇచ్చి నిదానంగానే చెప్పాను: బట్టల విషయంలో ఊరి మాట మన్నిస్తాం, పని విషయంలో మన్నించం. మర్నాటి నుంచి పాప పాత ట్రాక్ ప్యాంటు వేసుకుంది. దానికి కోపం వచ్చింది, నాతో వాదించింది. నేను నా మాట మీదే ఉన్నాను. రెండు చోట్లా బతకాల్సిన పిల్లలకి ఎక్కడ సర్దుకోవాలో, ఎక్కడ పట్టు వదలకూడదో చూపించడం తల్లిదండ్రుల బాధ్యతేనని నా ఉద్దేశం. ఈ రెండింటినీ కలిపేసి, అన్నిటికీ సరే అనడం గానీ, అన్నిటికీ ఎదురు తిరగడం గానీ నేర్పకూడదు.

పని అయ్యాక మేస్త్రి గారు నావని రేవులోకి దింపి, అందరూ చూస్తుండగా నీళ్ళతో నింపి ముంచేశారు. పిల్లలు గగ్గోలు పెట్టారు. ఏళ్ళ తరబడి ఎండిన పలకలు నీళ్ళు పీల్చి ఉబ్బితేనే సందులు బిగుస్తాయి. అప్పుడే పాత యజమాని ఒక సంగతి చెప్పాడు. 1996 నవంబరు 6న కోనసీమని తుపాను చావగొట్టినప్పుడు, ఆ రాత్రికి ముందే ఈ నావని ఆయన తండ్రి పిల్లకాలువలో కావాలనే ముంచి పెట్టాడట. పైన ఉన్న పడవల్ని గాలి ఎత్తి విసిరేస్తే, మునిగి ఉన్న నావ దక్కింది. మా పాప ఆ మాట వింటూ నావ మునిగిన చోటే చూస్తూ నిలబడింది.

గాలి, నీరు లెక్కల దగ్గర పాప తన ఫోన్‌లో ఆటుపోట్ల యాప్ తీసింది. మేస్త్రి గారు తిథి అడిగారు. అమావాస్యకి, పున్నమికి పోటు బలంగా ఉంటుంది, అష్టమికి మందంగా ఉంటుంది. రోజురోజుకీ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఇద్దరి లెక్కా కలిసింది. ఇక రోజూ పొద్దున్నే అమ్మమ్మ గదిలో క్యాలెండర్ చూసి తిథి చెప్పడం మా బాబు వంతయింది. అప్పటి దాకా క్యాలెండర్ వంక ఒక్కసారైనా తలెత్తి చూడని పిల్లాడు వాడు.

నావ అడుగు బల్లపరుపు. ఆప్టిమిస్ట్‌కి మధ్యలో నీళ్ళలోకి దింపే పలక ఉంటుంది కాబట్టి గాలికి పక్కకి జారిపోదు. ఇది జారిపోతుంది. పాప కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తే, మేస్త్రి గారు తల ఊపి, నావ పక్కన దింపడానికి ఒక పలక చేసి మోకుతో కట్టారు. సరుగుడు స్తంభం, వెదురు గడ, అమలాపురంలో కుట్టించిన తెరచాప. లైఫ్ జాకెట్లు మాత్రం ఆక్లండ్ నుంచి తెచ్చినవే. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పటి నుంచి మా అమ్మకి గోదావరి మీద ప్రయాణం అంటేనే టెన్షన్. మనవలిద్దరూ పెట్టుకున్న జాకెట్ బకిల్స్‌ని తన చేత్తో లాగి చూశాకే ఒప్పుకుంది. నావ ముక్కుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగగానే, చుక్కాని పాప చేతిలో, తెరచాప మోకు మేస్త్రి గారి చేతిలో ఉండగా, నావ ఎగువకి కదిలింది. అన్నయ్య ఇంజను బోటు వెనకాలే వెళ్ళింది.

మధ్యలో కనుమ నాడు పని ఆపి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళాం. పదకొండు ఊళ్ళ రుద్రులు వెదుళ్ళతో కట్టిన ప్రభల మీద వచ్చే తీర్థం. గంగలకుర్రు అగ్రహారం ప్రభని కౌశిక కాలువ నీళ్ళలోంచి మోసుకుని దాటిస్తుంటే జనమంతా అరుస్తున్నారు. మా బాబు మాత్రం వెదుళ్ళు కట్టిన ముళ్ళు చూస్తూ, "అమ్మా, ఇది మేస్త్రి గారి ముడే" అన్నాడు.

జులైలో గోదావరికి వరద ఎర్రనీళ్ళు రాకముందే అన్నయ్య నావని పైకి లాగించాడు. 2022 జులై వరదకి లంకలన్నీ మునిగిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. తాటి మొద్దుల మీద ఎత్తి, వాననీరు నిలవకుండా ముక్కు కాస్త పైకి పెట్టి, గాలి ఆడేలా పైన పందిరి వేశారు. వెదురు గడ చీలిందని మేస్త్రి గారు పాపకి వాట్సాప్‌లో చెప్పారు. కొత్తది ఒక జాన తగ్గించమని పాప చెప్పింది. వచ్చేటప్పుడు రాగి మేకులు తెమ్మని ఆయన అన్నారు. ఏ సైజువి కావాలో పాత మేకుని స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి పంపమని రాత్రే ఆయనకి మెసేజ్ పెట్టింది.