పిక్క నొప్పి: సిరదా, ధమనిదా?

నా కుడి పిక్క మీద ఉబ్బిన సిరలు చాలా ఏళ్లుగా ఉన్నాయి. అందుకే నడిస్తే పిక్క పట్టేయడం మొదలైనప్పుడు నేరం వాటి మీదే మోపాను. బిగుతు మేజోళ్లు తొడిగితే సరిపోతుందనుకున్నాను.

సిరల బాధ తీరు వేరు. ఎక్కువసేపు నిలబడితే కాలు బరువెక్కుతుంది, సాయంత్రానికి చీలమండ వాస్తుంది, కాళ్లు ఎత్తి పెడితే హాయిగా ఉంటుంది. నాకు సుమారు 200 మీటర్లు నడిచేసరికి నొప్పి వచ్చేది. ఊరికే నిలబడితే రెండు మూడు నిమిషాల్లో పోయేది. మళ్లీ నడిస్తే దాదాపు అంతే దూరంలో తిరిగొచ్చేది. ఈ లెక్క తప్పకపోవడం కాలికి రక్తం తెచ్చే ధమనిలో పూడికకు గుర్తు: కూర్చున్నప్పుడు చాలిన రక్తం నడకలో కండరానికి చాలదు. నడుము దగ్గర నరాలు నొక్కుకున్నా నడకలో కాళ్లు లాగుతాయి గానీ, దానికి నిలబడితే చాలదు, కూర్చోవాలి లేదా ముందుకు వంగాలి.

పరీక్ష తేలికే. కాసేపు పడుకోబెట్టి రెండు చేతుల్లో, తర్వాత రక్తప్రవాహాన్ని పసిగట్టే డాప్లర్ పరికరంతో చీలమండల్లో బీపీ చూశారు. చేతిలో పై అంకె 140, కుడి చీలమండలో 98. భాగిస్తే 0.70. మామూలుగా 1.0 నుంచి 1.4 దాకా ఉండాలి, 0.9, అంతకు తక్కువైతే పూడిక ఉన్నట్టే. మధుమేహం పాతబడినవారిలో ధమని గోడలకు సున్నం పట్టి, బీపీ చూసే పట్టీకి అవి నొక్కుకోవు, అంకె దొంగగా పెరుగుతుంది. వాళ్లకు బొటనవేలి దగ్గర పీడనం చూడాలి. స్కాన్‌లో నా తొడ ధమనిలో పూడిక కనిపించింది. నొప్పి ఎప్పుడూ పూడికకు దిగువ కండరంలోనే వస్తుంది.

మేజోళ్ల సంగతి ఇక్కడే తేలింది. రక్తం బాగా తగ్గిన కాలిని బిగిస్తే చర్మానికి చేరే ఆ కాస్తా ఆగి పుండు పడుతుంది. ధమని చూపించుకోకుండా కొనకూడనివి అవి.

పుండు లేదు, రాత్రి నొప్పి లేదు కాబట్టి స్టెంట్ మాట రాలేదు. సిగరెట్ పూర్తిగా మానేశాను. రక్తం గడ్డకట్టకుండా రోజూ క్లోపిడోగ్రెల్ 75 మిల్లీగ్రాములు, కొలెస్ట్రాల్ తగ్గించే ఒక స్టాటిన్ ఇచ్చారు. అసలు మందు నడకే: నొప్పి ఓ మోస్తరుకు వచ్చేదాకా నడవడం, తగ్గేదాకా ఆగడం, మళ్లీ నడవడం, విరామాలతో కలిపి 30 నుంచి 45 నిమిషాలు, వారానికి కనీసం మూడు రోజులు, 12 వారాలు. చాలామంది నొప్పి మొదలవగానే ఆపేస్తారు, లాభం తగ్గేది అక్కడే.

కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, మొద్దుబారితే గంటల్లో ఆస్పత్రిలో ఉండాలి. ఒక్క కాలే వాచి వేడిగా ఉంటే లోపలి సిరలో రక్తపు గడ్డ కావచ్చు. తోడుగా ఆయాసం వస్తే అది ఊపిరితిత్తులకు పాకినట్టు అనుమానించాలి.

12 వారాలకు ఆగకుండా 600 మీటర్లు నడిచాను. చీలమండ లెక్క మాత్రం 0.72 దగ్గరే ఉంది. పూడిక కరగలేదు, అందిన రక్తాన్ని కండరం పొదుపుగా వాడుకోవడం నేర్చుకుంది.