గురువారం వాయిదా

చేపల చెరువు కోసమని అప్పు తీసుకుని బియ్యం కొనుక్కునే వాళ్లను ఏ పథకమూ బాగుచేయలేదని మధ్యాహ్నం భోజనాల దగ్గర మావారి స్నేహితుడు తేల్చి చెప్పిన మాట ఇంత రాత్రయినా నన్ను వదలడం లేదు. వడ్డిస్తూ ఊరుకున్నాను గాని, అప్పటి నుంచి కైకలూరు పిన్నే కళ్ల ముందు మెదులుతోంది.

పిన్నిది కౌలు చెరువు. శీలావతి, బొచ్చె పిల్ల వదిలితే పట్టుబడికి ఎనిమిది, పది నెలలు పడుతుంది. అన్నాళ్లూ మేతగా తవుడు, నూనెచెక్క వేస్తూనే ఉండాలి. సూక్ష్మరుణ సంస్థ ఆడవాళ్లను గుంపుగా చేర్చి ఇచ్చే గ్రూపు అప్పుకు మాత్రం డబ్బు చేతికందిన మరుసటి వారమే వాయిదా మొదలయ్యేది. ఆ గురువారాలు నాకు బాగా గుర్తు. ఒకరు కట్టలేకపోతే మిగతావాళ్లు వేసుకోవాలి కనుక, లెక్క తేలేదాకా ఏ ఆడమనిషీ ఇంటికి కదిలేది కాదు. పిన్ని బుధవారం సాయంత్రమే గుడ్లన్నీ అమ్మేసి, పిల్లలకు పచ్చడి మెతుకులు పెట్టేది. చెరువులో చేప ఉంది కదా అని అడిగితే, ఎదగని చేపను కోసుకుంటే అప్పెలా తీరుతుందని అనేది. పూర్వం చెరువులో వాటంతట అవే పెరిగే చిన్న చేపలు, పరిగెలో, మట్టగిడసలో, కూరకు దొరికేవి. పిల్ల వదిలే ముందు చెరువు ఎండగట్టో, ఇప్పచెక్క చల్లో వాటిని లేకుండా చేస్తారు కనుక ఆ ఆధారమూ పోయింది. అలాంటి ఇంట్లో అప్పు సొమ్ము బియ్యానికి పోవడం దుబారా ఎలా అవుతుంది?

ఈ అప్పులే ఉండకూడదని రాయబోయాను గాని, ఇప్పుడు అదీ సరికాదనిపిస్తోంది. సూక్ష్మరుణ సంస్థలను కట్టడి చేస్తూ రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన 2010 అక్టోబరు ఆర్డినెన్సుతో వారం వసూళ్లు ఆగినప్పుడు పిన్ని ఊపిరి పీల్చుకున్న మాట నిజమే. అయితే తరువాతి పంటకు మేత వ్యాపారి దగ్గర అరువుకు తెచ్చి, చేపను ఆయన చెప్పిన ధరకే ఇవ్వవలసి వచ్చింది. అప్పు కావాలి, అది చేప ఎదిగే లెక్కకు సరిపోవాలి. కిసాన్ క్రెడిట్ కార్డును చేపల రైతులకూ వర్తింపజేస్తామని 2018-19 బడ్జెట్‌లో ప్రకటించారు. పంట వచ్చాక తీర్చే వీలు అందులో ఉంది. నోటిమాట కౌలుతో బతికేవాళ్లకు అది అందడమే కష్టం.

ఈసారి పట్టుబడి బాగుందని, రెండు బొచ్చెలు ఇంటికి ఉంచుకున్నామని పిన్ని సాయంత్రం ఫోను చేసింది. ప్రాణం లేచి వచ్చింది. కౌలు కాగితం అడగమంటే మాత్రం, ఆసామి వచ్చే ఏడు చెరువు మరొకరికి ఇచ్చేస్తాడేమోనని వెనకాడుతోంది. ఆదివారం వెళ్లి బాబాయి చేత ఆసామితో మాట్లాడించాలి.