మట్టిగోడ పగుళ్ళలో చాందీపురా

2024 జూలైలో గుజరాత్‌లో చిన్నపిల్లలు వరసగా చనిపోతుంటే టీవీల వాళ్ళూ వాట్సాప్ వాళ్ళూ కలిసి "అంతుచిక్కని కొత్త వైరస్" అని ఊదరగొట్టారు. తీరా పేరు చూస్తే చాందీపురా. కరీంనగర్‌లో నా వయసు ల్యాబ్ టెక్నీషియన్లం ఒకరికొకరం ఫోన్లు చేసుకుని మరీ తిట్టుకున్నాం. కొత్తదేంటి? 2003లో జూన్ నుంచి ఆగస్టు దాకా మా జిల్లాల్ని వణికించింది ఇదే కదా. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు లక్షణాలు వస్తే 183 మంది పోయారు. మరుసటి ఏడాది లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయిన లెక్క ఇది. ఇంత జరిగినా ఇరవై ఏళ్ళకే "అంతుచిక్కని" అయిపోయింది.

అప్పట్లో నేను ఒక పిల్లల నర్సింగ్ హోంలో కొత్తగా చేరాను. మెదడువాపు అనుమానం ఉంటే డాక్టరుగారు పిల్లాణ్ణి పక్కకు తిప్పి, వెన్నులో సూది గుచ్చి, నీరు తీసి నా దగ్గరికి పంపేవారు. బ్యాక్టీరియాతో వచ్చే మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు అయితే ఆ నీరు బియ్యం కడిగిన నీళ్ళలా మసగ్గా ఉంటుంది. ఈ పిల్లలది తేటగా ఉండేది. కణాలు లెక్కపెట్టే గడుల గాజు పలక మీద చుక్క వేసి మైక్రోస్కోప్ కింద గడి గడీ వెతికితే తెల్లకణాలు ఒకటో రెండో. గ్లూకోజ్ నార్మల్, ప్రోటీనూ దాదాపు అంతే. నేను ఇక్కడ "నార్మల్" అని రాస్తుంటే అవతల వార్డులో పిల్లాడికి ఫిట్స్ ఆగేవి కావు. "రాత్రి బువ్వ తిని మంచిగనే పన్నడు తమ్మీ, తెల్లారేసరికి గిట్లయిండు" అని ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని అడిగింది. ఆ రిపోర్టులో ఏముందో ఆమెకు ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. జ్వరం, వాంతులు, ఫిట్స్, స్పృహ తప్పడం, ఆపైన చాలామందికి ఒకటి రెండు రోజుల్లోనే అయిపోయేది.

ఆ తేట నీరే పెద్ద గొడవకు కారణమైంది. మెదడులో వాపు ఉంటే నీటిలో కణాలు పెరగాలి కదా, పెరగలేదంటే ఇది అసలు మెదడువాపే కాదు, రక్తనాళాల్లో వచ్చిన "బ్రెయిన్ అటాక్" అని కొందరు పెద్ద డాక్టర్లు వాదించారు. పూణేలోని జాతీయ వైరాలజీ సంస్థ, ఎన్ఐవీ వాళ్ళు, శాంపిళ్ళలో చాందీపురాను పట్టుకున్నాక కూడా ఆ వాదన వెంటనే చల్లారలేదు. ఊళ్ళల్లో మాత్రం కోపమంతా పందుల మీదే పడింది. మెదడువాపు అంటే జపనీస్ ఎన్‌సెఫలైటిస్, అంటే పందులు, దోమలు. జనానికి తెలిసింది అదే. ఈసారి పందులకు పాపం ఏ సంబంధమూ లేదు.

ఈ వైరస్‌కు మొదట ఎవరూ పెద్ద విలువ ఇవ్వలేదు. 1965లో నాగపూర్ ప్రాంతంలో జ్వరాలు ప్రబలినప్పుడు రోగుల రక్తంలో దొరికింది, అక్కడి ఊరి పేరే పెట్టారు. తుపాకీ గుండు ఆకారంలో ఉండే రాబ్డో కుటుంబం, అంటే రేబిస్‌కు దూరపు చుట్టం. చాలా ఏళ్ళు దాన్ని మామూలు జ్వరం వైరస్ కిందే జమ కట్టారు. మా పిల్లలు పోయాకే దాని అసలు రూపం ప్రపంచానికి తెలిసింది.

మోసుకొచ్చేది శాండ్‌ఫ్లై, ఇసుక ఈగ. దోమలో సుమారు మూడో వంతే, రెండు మూడు మిల్లీమీటర్లు. ఒళ్ళంతా నూగు. వాలినప్పుడు రెక్కలు పైకి, వీ ఆకారంలో నిలబెట్టి ఉంచుతుంది. దూరం ఎగరలేదు, గెంతుతూ గెంతుతూ పోతుంది. పగలంతా మట్టిగోడ పగుళ్ళలో, పశువుల కొట్టంలో నక్కి, చీకటి పడ్డాక బయటికి వస్తుంది. గుడ్లు పెట్టేది నిలవ నీళ్ళలో కాదు, పేడా చెత్తా కలిసిన చెమ్మ నేలలో. అందుకే డెంగీకి చేసినట్టు కుండీలు బోర్లించి, డ్రమ్ములు కడిగి సరిపెట్టుకుంటే ఇది పోదు. మామూలు దోమతెర కన్నాల్లోంచి కూడా దూరిపోతుంది.

నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించింది ఇక్కడే. 2003 తర్వాత పూణే బృందం మా కరీంనగర్ జిల్లాలోనే ఇసుక ఈగల్ని పట్టి పరీక్షిస్తే, సెర్జెంటోమియా అనే జాతిలో చాందీపురా దొరికింది. 2005లో ఆ పేపర్ వచ్చింది. ఈ సెర్జెంటోమియా ఎక్కువగా బల్లులు, తొండల రక్తం మీద బతికే రకం. మనుషుల్ని కుట్టే ఈగల్లో వైరస్ ఉందంటే సరే, బల్లిని కుట్టే ఈగలో ఎందుకుంది? మట్టింట్లో బల్లి, ఈగ, నిద్రపోయే పిల్లాడు, ముగ్గురూ ఒకే గోడ పక్కన ఉంటారు. బల్లి దొరకనప్పుడు ఈ ఈగ మనిషిని కుడుతుందా, లేక బల్లి దగ్గరే వైరస్ దాక్కుని వేరే ఈగ ద్వారా మన దాకా వస్తుందా? దీనికి గట్టి జవాబు ఇంతవరకూ నేను చదవలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. తల్లి ఈగ నుంచి గుడ్డు ద్వారా పిల్ల ఈగకు ఈ వైరస్ చేరగలదని 1980లలోనే ల్యాబ్‌లో చూపించారు. అలాగైతే ఏ జంతువుతోనూ పని లేకుండా అది అదే గోడలో ఏళ్ళ తరబడి బతకొచ్చు.

గుజరాత్ గొడవప్పటి అంకెల గురించి ఒక మాట. 2024 జూన్ నుంచి ఆగస్టు మధ్య దాకా దేశం మొత్తం మీద 245 కేసులు, 82 మరణాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదికలో ఉంది. ఆ 245 అక్యూట్ ఎన్‌సెఫలైటిస్ సిండ్రోమ్ కేసులు, అంటే జ్వరంతో మెదడు దెబ్బతిన్న లక్షణాలున్న వాళ్ళందరూ. వాళ్ళలో చాందీపురా అని ల్యాబ్‌లో తేలింది 64 మందికే. మన పేపర్లు రెండూ కలిపేసి "చాందీపురాకు 82 మంది బలి" అని రాశాయి.

మా సిరిసిల్ల నేతన్నలు చాలామంది సూరత్ మగ్గాల్లోనే ఉంటారు కదా, ఆ జూలైలో మా చిన్నమ్మ కొడుకు అక్కడి నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, కాయిల్ ముట్టిస్తే సాలదా?" అని టెన్షన్ పడుతున్నాడు. పక్కా గోడల గదిలో ఉన్నావు, నీకంత భయం లేదురా, ఊరికి పంపిన పిల్లల్ని చూసుకో అన్నాను. గోడ పగుళ్ళు పూడ్పించమని, పిల్లల్ని కొట్టం దగ్గర పడుకోబెట్టొద్దని, నిండు చేతుల బట్టలు వేయమని, జ్వరంతో ఫిట్స్ వస్తే అంత్రాలూ తాయెత్తులూ అనకుండా 108 పిలవమని చెప్పాను. గుజరాత్ వాళ్ళు చేసింది కూడా ఇదే, ఇళ్ళ గోడల మీద మందు చల్లడం, పగుళ్ళు మూయించడం.

టీకా సంగతి అడిగితే నాకు చిరాకొస్తుంది. ఎన్ఐవీ వాళ్ళు చంపిన వైరస్‌తో టీకా తయారుచేసి, ఎలుకల మీద పనిచేసిందని 2011లోనే రాశారు. మనుషులకు వాడే టీకాగా ఇప్పటికీ రాలేదు. ఈ జబ్బు ఏటా రాదు, వస్తే పల్లెటూళ్ళ పేద పిల్లలకు వస్తుంది, ఏ కంపెనీ డబ్బు పెడుతుంది? కోవిడ్ రోజుల్లో మందుల షాపుల ముందు జనం ఎగబడ్డ ఫావిపిరవిర్ ఈ వైరస్‌ను కూడా అదుపు చేస్తున్నట్టు ఎలుకల ప్రయోగాల్లో కనిపించిందని ఈమధ్య అదే సంస్థ చెప్పింది. మంచిదే. కానీ ఎలుకకు వైరస్ ఎక్కించిన గంట మనకు తెలుసు, పిల్లాడిని ఈగ ఎప్పుడు కుట్టిందో తెలీదు. ఫిట్స్ మొదలయ్యాక ఇచ్చే మందు ఎంతవరకు ఆదుకుంటుందో పిల్లల్లో చూస్తే తప్ప తేలదు. చూడాలంటే ఏ రోజు వచ్చిన కేసు ఆ రోజే చాందీపురానా కాదా తేలిపోవాలి. 2003లో శాంపిల్ ఐసు డబ్బాలో పూణే దాకా పోయేది. ఇప్పుడు కోవిడ్ పుణ్యమా అని జిల్లాల్లోకి ఆర్‌టీపీసీఆర్ మెషీన్లు వచ్చాయి, వాటి మీద చెయ్యి తిరిగిన కుర్రాళ్ళూ ఉన్నారు. కావలసింది చాందీపురా ప్రైమర్లు, అంటే ఆ వైరస్ జన్యువును గుర్తుపట్టే చిన్న ముక్కలు, ఇంకా టెస్టు సరిగ్గా పనిచేస్తోందో లేదో సరిచూసే కంట్రోల్ శాంపిల్. అవి మే నెలాఖరుకల్లా కరీంనగర్, వరంగల్ ఫ్రిజ్‌లలో ఉండాలి.