యాభై సెంట్ల శిస్తు

ఆదివారం, రాత్రి

మా వంశవృక్షం కోసం రాసుకుంటున్న నోటు పుస్తకంలో రెండు నెలలుగా ఉన్న ఒక తప్పును ఈరోజు దిద్దాను. తాతయ్యగారి అమ్మ పోయిన సంవత్సరం 1942 అని రాసుకున్నాను. ఆవిడ తిథి మా ఇంట్లో అందరికీ తెలుసు, మాఘ బహుళ పంచమి. సంవత్సరం మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. తద్దినానికి దానితో పనేముంది! అత్తయ్యను అడిగితే, "చిత్రభాను. బర్మా నుంచి జనం నడిచి వచ్చేసిన ఏడు అని నాన్న అనేవారు" అన్నారు. జపాను దాడికి రంగూన్ వదిలి మనవాళ్లు అడవుల వెంట నడిచి వచ్చింది 1942లో కదా అని అదే రాసేశాను. ఈ ఉదయం కాఫీ తాగుతుంటే తట్టింది. చిత్రభాను 1942 ఉగాదికి మొదలైంది, మాఘం వచ్చేది సంవత్సరం చివర. అంటే 1943 ఫిబ్రవరి. ఇన్నేళ్లు పంచాంగం చూస్తున్న నాకు ఆ మాత్రం తోచలేదు.

ఆవిడ పేరు కూడా కాగితాల్లో దొరికింది కాదు, నాన్న తర్పణాలు వదులుతుంటే విని రాసుకున్నది. అయితే ఆ మంత్రంలోనూ గోత్రం మాదే. పెళ్లితో పుట్టింటి గోత్రం పోతుంది, దానితో పాటు నాలాంటివాడికి దారీ పోతుంది.

మధ్యాహ్నం అటక మీది ట్రంకు పెట్టె దింపించాను. సగం చెదల పాలు. మిగిలిన క్రయ దస్తావేజుల్లో నేను మొదట చూసేది హద్దులే. అన్నదమ్ములు పంచుకున్న పొలాలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, తూర్పు హద్దులోనో పడమటి హద్దులోనో ఎవరూ చెప్పని చిన్న తాతలు బయటపడతారు. ఈరోజు ఒకరు దొరికారు. ఆడవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

అడుగున ఒక శిస్తు రసీదు. యాభై సెంట్లు, మాకు చుట్టాలే లేని ఊళ్లో. అత్తయ్యకు ఫోను చేశాను.

"అదా? మా మామ్మ పసుపు కుంకుమల పొలంరా. వాళ్ల నాన్న ఇచ్చింది. ఎప్పుడో అమ్మేశారు."

అయితే అది ఆవిడ పుట్టినూరు! తాతయ్య తద్దినాలకు ఎన్ని గారెలు వండారో లెక్కతో సహా చెప్పగల అత్తయ్య, ఇన్నాళ్లూ ఈ సంగతి చెప్పలేదు. చెప్పలేదని కోపం తెచ్చుకుందామంటే, నేనెప్పుడు అడిగాను? అడిగినవన్నీ తేదీలే.

"మరి వాళ్ల ఇంటిపేరు?"

కాసేపు ఫోనులో చప్పుడు లేదు. "మామ్మ అనే పిలిచేవాళ్లం" అన్నారు.

ఆ పొలం దస్తావేజు దొరికితే వాళ్ల నాన్న ఇంటిపేరు అందులో ఉండొచ్చు. కానీ ఆన్‌లైన్‌లో ఈసీ, అంటే ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి పాత పుస్తకాల్లో వెతికించాలి. బుధవారం సెలవు పెట్టాను. నోటు పుస్తకంలో ఆవిడ పేరు పక్కన ఊరు పెన్సిలుతో రాసి, ఇంటిపేరుకు చోటు వదిలాను.