చెరువు గట్టు ఉద్యోగం

భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతులకు సలహాలిచ్చి బతికేవాళ్లలో నా తోటివారు కొందరు మందులు అమ్మిన కమీషన్‌తో త్వరగా పైకొచ్చారు. నేను నీటి పరీక్షలు పట్టుకుని కూర్చున్నాను. మొదట్లో ఫీజు అడిగితే, "నీళ్లు చూసినందుకు కూడా డబ్బులా తమ్ముడూ?" అని రైతులు నవ్వేవారు.

2009లో వనామీ అనే విదేశీ రొయ్య రకానికి అనుమతి వచ్చాక కథ మారింది. ఈ రొయ్య పిల్లలను చెరువులో దట్టంగా వేస్తారు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతే రొయ్యలు పైకి తేలి గట్టు వారకు చేరతాయి. అప్పుడు మందు డబ్బాలు వెతకడం కాదు, ముందు ఏరేటర్లు, అంటే నీటిలో గాలి కలిపే యంత్రాలు, తిప్పాలి. ఆ మాట చెప్పి, ఏమీ అమ్మకుండా వచ్చేసిన చెరువుల నుంచే ఇప్పటికీ ఫోన్లు వస్తున్నాయి. (ధర పడిపోయిన పంటకు ఫీజు బాకీ పెడతారు, అది వేరే సంగతి.)

ఈ మధ్య ఒక కుర్రాడు పని నేర్చుకుంటానని వచ్చాడు. రోజూ మూడింటికి లేవగలవా అని అడిగాను. ఆలోచించి చెబుతానన్నాడు.